మన్యంలో పొగాకు: వాళ్ళ అలవాటా, మనం అంటగట్టిందా?

రాజోలు సిస్టర్:
అందరికీ నమస్కారం. పది రోజులుగా మనసులో తిరుగుతున్న మాట ఇక్కడ పెడుతున్నాను, కోపం తెచ్చుకోకుండా చదవండి. మేం కొంతమందిమి కలిసి రంపచోడవరం పైనున్న ఒక ఆదివాసుల సంతలో నోటి పరీక్షల క్యాంపు పెట్టాం. నోరు తెరిపించడం, టార్చి వేసి చూడడం, అనుమానం ఉంటే కాకినాడ వెళ్ళమని చీటీ రాసివ్వడం, అంతే పని. మధ్యాహ్నానికే అరవై మంది దాకా అయ్యారు. బుగ్గ లోపల తెల్ల మచ్చలు ఎంతమందికి చూశానో లెక్క తప్పింది. ఒకామెకి ముప్పై అయిదుంటాయేమో, గుట్కా అలవాటు, నోట్లో రెండు వేళ్ళు కూడా దూరలేదు. అన్నం చిన్న ముద్దలు చేసుకుని పెదాల మధ్యనుంచి లోపలికి నెట్టుకుంటానని చేత్తో చూపించింది. భోజనాల దగ్గర మాతో వచ్చిన ఒకాయన "వాళ్ళకది కల్చర్ సిస్టర్, పుట్టుకతో వచ్చేది, మనం చెబితే మానరు" అన్నాడు. సరిగ్గా అప్పుడే మా టెంటుకి మూడో దుకాణంలో పొగాకు కట్టలు పేర్చి అమ్ముతున్నారు. ఎక్కడిదని అడిగితే "లంకాకమ్మా, కిందనుంచి వస్తది" అన్నాడు కొట్టతను. కింద అంటే గోదారి పాయల మధ్య లంకల్లో పొగాకు పండించే మనమే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశం మొత్తం మీద మగవాళ్ళలో 38 శాతం, ఆడవాళ్ళలో 9 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. షెడ్యూల్డ్ తెగల్లో అది 51, 19. ఇంత తేడా ఎందుకుంది? నిజంగా వాళ్ళ కల్చరేనా? ముందు అక్కడ క్యాంపులు పెట్టాలా, ఇక్కడ మన లంకల్లో ఆకు ఆపాలా? మీ అభిప్రాయం చెప్పండి.

అమలాపురం కామర్స్:
సిస్టర్ గారూ, మీ సేవకి దండం. కానీ ప్రతిదానికీ మనల్ని మనం దోషుల్ని చేసుకోవడం నాకు నచ్చదు. ఎవరి నోరు వాళ్ళది. చదువుకుంటే వాళ్ళే మానేస్తారు, మన ఊళ్ళలో అలాగే కదా తగ్గింది. స్కూళ్ళు బాగుచేయండి, పొగాకు సంగతి దానంతటదే తేలిపోతుంది.

పాత మాస్టారు:
అబ్బాయ్, చదువొక్కటే మందైతే మిజోరం సంగతేమిటి? 2011 లెక్కల్లోనే అక్కడ అక్షరాస్యత 91 శాతం. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో మిజోరంలో మగవాళ్ళు 73 శాతం, ఆడవాళ్ళు 62 శాతం పొగాకు వాడుతున్నారని తేలింది. చదువు వద్దనడం లేదు, ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. అది చాలదంటున్నాను.

ఇక కల్చర్ అన్నాయన సంగతి. పొగాకు ఈ నేలది కాదు. అమెరికా ఖండంలో పుట్టింది, పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన తీరానికొచ్చి నాలుగు వందల ఏళ్ళయింది. మన భాషలో దానికి పాత పేరు కూడా లేదు, పొగ వచ్చే ఆకు కాబట్టి పొగాకు అన్నాం. కోయలకైనా కొండరెడ్లకైనా రాజుగారి దివాణానికైనా అది బయటినుంచి వచ్చిన సరుకే. న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీలకీ అంతే, తెల్లవాళ్ళ ఓడలు వచ్చేదాకా పొగాకంటే ఏమిటో తెలియదు. 1840లో వైతాంగి ఒప్పందం మీద సంతకాలు పెట్టిన పెద్దలకి దుప్పట్లతోపాటు పొగాకు పంచారు. ఆస్ట్రేలియాలో పశువుల ఎస్టేట్లలో ఆదివాసులకి కూలి డబ్బుకి బదులు పిండి, పంచదార, టీపొడి, పొగాకు కొలిచి ఇచ్చేవాళ్ళు. వందేళ్ళు అలా ఇచ్చి, ఆ తర్వాత "వీళ్ళు ఎక్కువ కాలుస్తారండీ" అని సర్వేలు రాశారు.

లంక రైతు బిడ్డ:
మాస్టారూ, నమస్కారమండి. అందరూ లంకాకు లంకాకు అంటున్నారు కాబట్టి నేను మాట్లాడాలి. మాది ముక్తేశ్వరం దగ్గర లంక. వరద తీసేశాక గోదారి వదిలి వెళ్ళిన ఒండ్రులో కార్తీకంలో నారు నాటతాం. ఆ మట్టిలో ఆకు వచ్చినంత బాగా ఇంకోటి రాదని మా నాన్న నమ్మకం, ఆయన నాన్న నమ్మకం కూడా అదే. ఈ ఆకు మీద పరిశోధనకి 1947లోనే రాజమండ్రిలో ప్రభుత్వం కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ పెట్టింది. పండించమని ప్రోత్సహించిందీ వాళ్ళే, డబ్బా మీద క్యాన్సర్ బొమ్మలు వేయించేదీ వాళ్ళే. మధ్యలో దోషి రైతా?

అయితే ఒక మాట దాచను. ఆకు కోసే రోజుల్లో మా అమ్మ పొద్దున్నే మంచు తడి మీద చేలోకి దిగేది. పదింటికల్లా చేతులు నల్లగా జిగురు పట్టేవి, చింతపండు పెట్టి రుద్దితే గానీ వదిలేది కాదు. గట్టు మీదకొచ్చి వాంతులు చేసుకునేది. పైత్యం అనుకునేవాళ్ళం. తడి ఆకులోంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతుందని, దానికి పచ్చాకు జబ్బని పేరుందని నాకు డిగ్రీ చదివేటప్పుడు తెలిసింది. మా అమ్మ జీవితంలో చుట్ట ముట్టలేదు. నేను ఆకుని వెనకేసుకు రావడం లేదండి, అది మానేస్తే ఎకరాకి ఏం మిగులుతుందో చెప్పమని అడుగుతున్నాను.

భైరవపాలెం:
నాకు టైపింగ్ అంతగా రాదు, తప్పులుంటే క్షమించండి. మన్యం మన్యం అంటున్నారు గానీ మా రేవుల్లో ఏం జరిగేదో చెప్తాను. మా నాయనమ్మ అడ్డపొగ పీల్చేది. తెలియనివాళ్ళకి: చుట్ట వెలిగించి, వెలిగిన కొస నోట్లో పెట్టుకుని పీల్చడం. శ్రీకాకుళం, విశాఖ వైపు ఇంకా ఎక్కువ. గాలికి చుట్ట ఆరిపోదు, చంటిపిల్లని ఒళ్ళో వేసుకుని వల బాగుచేస్తున్నా నిప్పు మీద పడదు, అందుకే ఆడవాళ్ళకి అలా అలవాటయింది. చిన్నప్పుడు చీకట్లో పడుకుని చూసేవాణ్ణి, నోరు మూసినప్పుడు బుగ్గలు ఎర్రగా వెలిగేవి. ఆమె అంగిలి మధ్యలో పుండు లేచింది. మామూలుగా అక్కడ క్యాన్సర్ అరుదట, అడ్డపొగ వాళ్ళకే ఎక్కువగా వస్తుందని డాక్టరు చెప్పాడు. ఆఖరి నాలుగు నెలలు గంజి తప్ప దిగలేదు. మమ్మల్ని ఎవరూ "వాళ్ళ కల్చర్" అని వదిలెయ్యలేదు, మా అక్కలు ఏడ్చి దెబ్బలాడి మా పెద్దమ్మ చేత అడ్డపొగ మానిపించారు. మాకు ఆసుపత్రికి బస్సుంది, మందు కొనడానికి చేతిలో డబ్బుంది. పైన కొండల్లో ఉన్నవాళ్ళకి ఆ రెండూ ఉన్నాయా అని ఆలోచించండి.

ఇంకోటి. దేశమంతటా నమిలేవాళ్ళు ఎక్కువ, 2016-17 పొగాకు సర్వేలో నమిలేవాళ్ళు 21.4 శాతమైతే కాల్చేవాళ్ళు 10.7. మన ఆంధ్రాలో అది తిరగబడింది, కాల్చేవాళ్ళే ఎక్కువ. కాబట్టి కాల్చడం ఆదివాసీల జబ్బని మనం చెప్పకూడదు.

అమలాపురం కామర్స్:
మిజోరం లెక్క నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ లంక రైతు అడిగింది మాత్రం న్యాయమైన ప్రశ్న. ఇక్కడ ఆకు ఆపితే సంతలోకి ఇంకో జిల్లా ఆకు వస్తుంది, లేకపోతే బీడీ వస్తుంది. 2025 సెప్టెంబరులో బీడీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించారు కూడా. పేదవాడు కాల్చేదాని మీదే పన్ను తగ్గితే మన క్యాంపులేం చేస్తాయి?

చింతూరు కోయబిడ్డ:
రెండు రోజులుగా చదువుతున్నాను. అందరూ మంచి మనసుతోనే రాశారు, కానీ ఈ పేజీ అంతా "వాళ్ళు" అనే ఉంది. మేం కూడా ఫోన్లు చూస్తామండి.

అవును, మా దగ్గర వాడకం ఎక్కువే. ఇంటికి చుట్టం వస్తే ముందు నీళ్ళు, తర్వాత పొగాకు. పెద్దాయన రొండిలోంచి ఆకు తీసి తునికాకులో చుట్టి మీ చేతికిస్తే వద్దనడం కష్టం, నేను కాల్చను కాబట్టి తీసుకుని చెవి మీద పెట్టుకుంటాను. అది మర్యాద. ఆ మర్యాద వేరు, పదేళ్ళ పిల్లాడు ఖైనీ ప్యాకెట్టు కొనుక్కోవడం వేరు. పద్దెనిమిది నిండనివాళ్ళకి అమ్మకూడదని 2003 చట్టంలో ఉంది, మా సంతలో ఎవరూ వయసు అడగగా నేను చూడలేదు. అమెరికాలో చాలా ఆదివాసీ జాతులు పొగాకుని ప్రార్థనలో వాడతాయి, వాళ్ళే తమ పిల్లలకి "మన ప్రార్థన ఆకు వేరు, కంపెనీ సిగరెట్టు వేరు" అని నేర్పుతున్నారు. వాళ్ళది వాళ్ళు విడదీసుకున్నారు, మాకూ ఆ తెలివుంది.

ఎండాకాలంలో మా అమ్మ, నేను తునికాకు కోసి యాభై ఆకులకో కట్ట కడతాం. బయల్దేరేటప్పుడు ఇంకా చీకటిగానే ఉంటుంది. ఆ ఆకు బీడీ అయి మళ్ళీ మా సంతకే వస్తుంది. మాకు రోగం గురించి తెలియక కాదు. మానాలనుకున్నవాడు ఎక్కడికి వెళ్ళాలి? 1800112356 అని ఉచిత నంబరుంది, మా ఊళ్ళో సిగ్నల్ గుట్ట ఎక్కితే గానీ రాదు, మా అమ్మకి తెలుగు అర్థమవుతుంది గానీ బాధ చెప్పుకోవడం కోయలోనే వస్తుంది. పొగాకు మానడానికిచ్చే నికోటిన్ బిళ్ళలు మా ఆరోగ్య కేంద్రంలో అడిగితే ఆ పేరే విననట్టు చూశారు. క్యాంపులవాళ్ళు వస్తారు, పుండు బొమ్మలు చూపిస్తారు, సాయంత్రానికి జీపెక్కుతారు.

పాత మాస్టారు:
బాబూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నువ్వన్నదానికి తోడు ఒకటి చెప్తాను. ఆస్ట్రేలియాలో 2010 నుంచి ఆదివాసీ సంస్థల చేతికే డబ్బిచ్చి మాన్పించే పని అప్పగించారు. అక్కడి ఆదివాసుల్లో పదిహేనేళ్ళు నిండి రోజూ కాల్చేవాళ్ళు 2018-19లో 37 శాతం, 2022-23కి 29. మావోరీలలో 2011-12లో మూడో వంతుకు పైన ఉన్నది 2023-24కి 14.7కి దిగింది. మిగతా దేశంతో పోలిస్తే ఇంకా రెట్టింపే, కానీ దిగింది. 2009 నుంచి పుట్టినవాళ్ళకి అసలు అమ్మకూడదని న్యూజిలాండ్ 2022లో చట్టం చేసి, ప్రభుత్వం మారాక 2024లో రద్దు చేసుకుంది. దానికి ఎక్కువ బాధపడింది మావోరీ ఆరోగ్య కార్యకర్తలే. పుట్టుకతో వచ్చేదైతే పన్నెండేళ్ళలో సగానికి పైగా ఎలా తగ్గుతుంది?

మన దగ్గర ఆదివాసీ ప్రాంతాల పంచాయతీలకి చేసిన 1996 పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకం మీద గ్రామసభకి అధికారమిచ్చింది. సారాకి వాడారు. పొగాకుకి ఎందుకు వాడకూడదో మీ సభలో అడిగి చూడు.

చింతూరు కోయబిడ్డ:
అడుగుతాను మాస్టారూ. ఆకు మొత్తం ఆపమంటే పెద్దలు లేచిపోతారు, పిల్లలకి అమ్మొద్దు, ప్యాకెట్లు సంతలోకి రావొద్దు అంటే వింటారనుకుంటున్నా.

లంక రైతు బిడ్డ:
తమ్ముడూ, నీ పోస్టు మా అమ్మకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, చేతులు చూసుకుంది. ఈ కార్తీకానికి ఎకరంన్నరలో అర ఎకరం మొక్కజొన్న వేస్తానని నాన్నతో చెప్పాను, ఇంట్లో గొడవ నడుస్తోంది. ఎంత మిగిలిందో, మిగల్లేదో ఇక్కడే లెక్క రాస్తాను.

రాజోలు సిస్టర్:
చింతూరు బాబూ, నీ మాట నిజం, మేం సాయంత్రానికి జీపెక్కిన మాట నిజం. మళ్ళీ రావాలనుకుంటున్నాం, ఈసారి నెలకోసారి, అదే మనుషులం. బిళ్ళలు కాకినాడనుంచి తెప్పిస్తాను. మీ సంతలో ఎక్కడ కూర్చోమంటావు?

చింతూరు కోయబిడ్డ:
రోడ్డు మొగదల్లో వద్దక్కా, అక్కడ జీపులవాళ్ళే కనిపిస్తారు. ఆకు అమ్మేచోటు పక్కనే వేయండి. కోయలో మాట్లాడటానికి నేనూ మా చెల్లీ వస్తాం. ఆ నోరు తెరుచుకోని అక్కది ఏ ఊరో రాసుకున్నారా?