1984 ఆరెంజ్ బౌల్: ఆస్బోర్న్ కిక్ కొట్టించి ఉండాల్సిందా?

లింకన్_కుర్రోడు:
నెబ్రాస్కాలో చదువుకుంటున్నాను. మా ఇంటి ఓనరు తాతగారు అప్పుడప్పుడూ ఓ పాత మ్యాచ్ రికార్డింగ్ పెట్టుకుంటారు. చివరి 48 సెకన్లు రాగానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతారు. 1984 జనవరి 2, మయామిలో ఆరెంజ్ బౌల్, అంటే అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో సీజన్ చివరి పెద్ద మ్యాచ్‌లలో ఒకటి. మా నెబ్రాస్కా యూనివర్సిటీ జట్టు ఆడిన 12 మ్యాచ్‌లూ గెలిచి నంబర్ వన్‌గా వచ్చింది. మయామిది ఐదో ర్యాంకు, కానీ సొంత మైదానం. 31-17తో వెనకబడిన నెబ్రాస్కా ఆఖర్లో రెండు టచ్‌డౌన్లు కొట్టి 31-30కి వచ్చింది. టచ్‌డౌన్‌కి ఆరు పాయింట్లు, ఆ తర్వాత ఒక అదనపు ప్రయత్నం ఉంటుంది. కిక్ కొడితే ఒక పాయింటు, స్కోరు సమం. మూడు గజాల నుంచి బంతిని మళ్ళీ గీత దాటిస్తే రెండు, గెలుపు. పెద్ద కాలేజీ ఫుట్‌బాల్‌లో ఓవర్‌టైమ్ 1990ల మధ్యలో గానీ రాలేదు, అప్పట్లో టై అయితే టైయే. అయినా ఓట్లతో వేసే ర్యాంకులను బట్టి ఇచ్చే టైటిల్ దాదాపు వీళ్ళదే. కోచ్ టామ్ ఆస్బోర్న్ మాత్రం రెండు పాయింట్లకే వెళ్ళాడు, పోయింది. నా లెక్కలో ఇది తప్పే. మీరేమంటారు?

గుంటూరు_మొండి:
తప్పేముంది బాబూ? టై చేసుకుని మేమే నంబర్ వన్ అని తిరిగితే జనం నవ్వరూ?

డ్రా_చాలు:
ఎవరు నవ్వుతారు? సిరీస్‌లో 1-0తో ముందుంటే చివరి టెస్టు డ్రా చేసుకుని కప్పు పట్టుకుని రావట్లేదా మనం? పైగా రెండో ర్యాంకు టెక్సాస్ అదే రోజు జార్జియా చేతిలో 10-9తో ఓడిపోయింది. దారి ఖాళీగా ఉంటే గోడ దూకడమెందుకు?

లెక్కల_మాస్టారు:
అందరూ చివరి నిర్ణయం మీదే పడ్డారు. అసలు తప్పు అంతకు ముందే జరిగింది. దాదాపు ఏడు నిమిషాలు ఉండగా నెబ్రాస్కా టచ్‌డౌన్ కొట్టింది, స్కోరు 31-23. అప్పుడు కిక్ కొట్టి 31-24 చేసుకున్నారు. గెలుపు కోసమే ఆడతానన్న మనిషి అక్కడే రెండు పాయింట్లకు వెళ్ళాలి. వస్తే 31-25, తర్వాతి టచ్‌డౌన్‌కి మామూలు కిక్ చాలు, గెలుపు. రాకపోతే 31-23, తర్వాతి టచ్‌డౌన్‌కి మళ్ళీ రెండు పాయింట్ల ప్రయత్నం, వస్తే టై. రెండు పాయింట్లు సగం సార్లు వస్తాయనుకోండి, రెండో టచ్‌డౌన్ ఖాయమనుకోండి. నాలుగింట రెండుసార్లు గెలుపు, ఒకసారి టై, ఒకసారి ఓటమి. ఆస్బోర్న్ పట్టిన దారిలో సగం గెలుపు, సగం ఓటమి. గెలిచే అవకాశం అంతే, కానీ ఓటమి సగానికి తగ్గేది, ఆ టై కూడా టైటిల్‌తో సమానం. ఆ పాతిక శాతాన్ని చేజేతులా వదిలేశాడు.

గుంటూరు_మొండి:
మాస్టారూ, ఇదంతా ఇవాళ్టి లెక్క. 1984లో ఎంతమంది కోచ్‌లు ఇలా ఆలోచించారండీ? మొదటిసారే పోతే ఎనిమిది పాయింట్లు వెనక, ఎదురుగా ఊగిపోతున్న మయామి జనం. కుర్రాళ్ళ గుండె జారిపోదా?

లెక్కల_మాస్టారు:
ఎక్కువమంది ఆలోచించి ఉండకపోవచ్చు. ఆయన ఆలోచించి ఉండాల్సిందని నేనంటున్నాను. ధైర్యాన్ని తప్పుపట్టడం లేదు, ఆ ధైర్యం ఏడు నిమిషాలు ఆలస్యమైంది అంతే.

ఆప్షన్_అభిమాని:
నాకు నిర్ణయంతో పేచీ లేదు, ఆటతోనే పేచీ. పరుగు మీద బతికే జట్టు, ఆ సీజన్లో మ్యాచ్‌కి సగటున 52 పాయింట్లు. నాలుగో డౌన్, అంటే ఆఖరి అవకాశం, ఎనిమిది గజాలు కావాలి, అలాంటప్పుడు కూడా ఆప్షన్ (క్వార్టర్‌బ్యాక్ తనే పరిగెత్తడమో, పక్కవాడికి బంతి అందించడమో చేసే ఆట) ఆడి, జెఫ్ స్మిత్‌కి బంతి పక్కకి విసిరి 24 గజాల టచ్‌డౌన్ కొట్టారు. ఆ వెంటనే మూడు గజాల కోసం పాస్ ఏమిటి? క్వార్టర్‌బ్యాక్ టర్నర్ గిల్ కుడివైపు పరిగెత్తి స్మిత్‌కే విసిరాడు. మయామి సేఫ్టీ (వెనక కాపలా ఆటగాడు) కెన్ కాల్హూన్ వేళ్ళు తగిలాయి, బంతి దారి తప్పింది. వేళ్ళే!

డ్రా_చాలు:
నెబ్రాస్కా ప్రధాన రన్నర్ మైక్ రోజియర్ చీలమండ గాయంతో మూడో క్వార్టర్‌లోనే బయటికెళ్ళాడుగా. పరుగు ఎవరితో తీయిస్తారు?

ఆప్షన్_అభిమాని:
ఇప్పుడే 24 గజాలు పరిగెత్తినవాడితో!

లింకన్_కుర్రోడు:
ఇదంతా తాతగారికి చదివి వినిపించాను. ఆస్బోర్న్‌ని ఒక్క మాట అననివ్వరు. తర్వాత 1994, 95, 97లో టైటిళ్ళు తెచ్చాడు కదా అంటారు. ఆయన కోపమంతా ఆ టచ్‌డౌన్‌కి కాస్త ముందు ఎండ్ జోన్‌లో (టచ్‌డౌన్ అయ్యే చోట) ఒంటరిగా నిలబడి పాస్ వదిలేసిన నెబ్రాస్కా రిసీవర్ ఇర్వింగ్ ఫ్రైయర్ మీద. అది పట్టుకున్నా స్కోరు 31-30యే కదా, మళ్ళీ ఇదే ప్రశ్న కదా అన్నాను. "టీ తాగుతావా?" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు.