రామ్సీ లూయిస్ ఎల్పీ: చివరి పాటలో పియానో గరగర, అరిగింది ముల్లా రికార్డా?

అమెరికన్ జాజ్ పియానిస్ట్ రామ్సీ లూయిస్ ట్రియో (ముగ్గురి బృందం) వాయించిన 'ది ఇన్ క్రౌడ్' పాత ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 1965లో వాషింగ్టన్‌లోని బొహీమియన్ కావెర్న్స్ క్లబ్బులో జనం ముందే రికార్డు చేసింది. మొదటి వైపు బాగానే పలుకుతోంది. టైటిల్ పాటలో జనం చప్పట్లు పక్కనే కూర్చుని కొడుతున్నట్టే ఉన్నాయి.

చిక్కల్లా రెండో వైపు చివర్లో. ఆఖరి పాట 'కమ్ సండే'లో పియానో పైస్థాయికి వెళ్లి గట్టిగా మోగినప్పుడల్లా కుడి స్పీకర్‌లో గరగర. మెల్లగా వాయించే చోట ఏమీ లేదు. బాస్, డ్రమ్స్‌కీ లేదు.

రికార్డు రెండుసార్లు కడిగాను, ముల్లు తుడిచాను. ముల్లు రికార్డు మీద మోపే బరువు త్రాసు మీద చూసి 2 గ్రాములకు పెట్టాను. ప్రొట్రాక్టర్‌తో (కోణం చూసే పలక) కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే భాగం) సరిచేశాను. యాంటీ స్కేటింగ్ (ముల్లు చేయి లోపలికి లాక్కుపోకుండా ఆపే సర్దుబాటు) 1 నుంచి 2.5 దాకా తిప్పితే గరగర కాస్త తగ్గింది, పోలేదు. స్పీకర్ వైర్లు అటూ ఇటూ మార్చితే శబ్దమూ ఎడమకి మారింది, కాబట్టి తప్పు స్పీకర్‌ది కాదు. వేరే కొత్త ఎల్పీల్లో చివరి పాటలు శుభ్రంగానే ఉన్నాయి.

నాది గుండ్రటి మొన ముల్లు. ఎలిప్టికల్ (అండాకారపు మొన) ముల్లు వేస్తే ఈ గరగర పోతుందా, లేక రికార్డు గాడే అరిగిపోయిందనుకోవాలా?