ప్రముఖులు కిల్ట్ కట్టి వేడుకకు వస్తే పద్ధతి పాటించాలా, వద్దా?

ఎడిన్‌బరా పంతులు:
నిన్న రాత్రి ఒక సినిమా తొలి ప్రదర్శన ఫోటోలు చూశాను. అందులో ఒక నటుడు స్కాట్లండ్ మగవాళ్ళు కట్టే కుచ్చిళ్ళ లంగా లాంటి కిల్ట్ కట్టి, దాని కింద మోకాళ్ళ దాకా వచ్చే తోలు బూట్లు తొడిగి, పైన నలిగిన టీషర్టు వేసి, నడుము ముందు వేలాడవలసిన స్పోరన్ అనే తోలుసంచిని పూర్తిగా మానేసి ఎర్ర తివాచీ మీద నిలబడ్డాడు. కింద వ్యాఖ్యలన్నీ పొగడ్తలే. నాకు మాత్రం సినీనటుడు షాన్ కానరీ గుర్తుకు వచ్చారు. ఒకప్పుడు ఇదే ఎడిన్‌బరా వీధుల్లో ఇంటింటికీ పాలు పోసిన ఆ మనిషి 2000 జులైలో హోలీరూడ్ ప్రాసాదంలో ఎలిజబెత్ రాణి చేత నైట్ బిరుదు అందుకున్న రోజున, తన తల్లి పుట్టింటివారైన మక్లీన్ వంశపు ఆకుపచ్చ టార్టన్‌తో, అంటే ఆ వంశానికి చెందిన గళ్ళ బట్టతో, పూర్తి హైలండ్ (స్కాట్లండ్ కొండప్రాంతపు) దుస్తుల్లో వచ్చారు. కోటు, మేజోళ్ళు, స్పోరన్ అన్నీ ఉండవలసిన చోట ఉన్నాయి. కిల్ట్ కట్టడం ఎవరికైనా తగునని నేనూ ఒప్పుకుంటాను, కానీ కట్టదలచినవారు పద్ధతిగా కట్టాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

నేతమగ్గం:
పంతులు గారూ, ఏ కాలపు పద్ధతి అని ముందుగా తేల్చండి. పదహారో శతాబ్దంలో హైలండ్ మనిషి ఒంటికి చుట్టుకున్నది కుట్టులేని పెద్ద ఉన్ని దుప్పటి. నడుము దగ్గర పటకాతో బిగించి, మిగిలినది భుజం మీద వేసుకునేవాడు, రాత్రికి దాన్నే కప్పుకుని పడుకునేవాడు. మీరు పద్ధతి అంటున్న కురచ కిల్ట్ పద్దెనిమిదో శతాబ్దపు తొలినాళ్ళలో వాడుకకు వచ్చింది. దాన్ని ఇనుప కొలిమి నడిపిన థామస్ రాలిన్సన్ అనే ఇంగ్లీషు వ్యాపారి తన పనివాళ్ళ కోసం పుట్టించాడని ఒక కథనం ఉంది, కాదనేవారూ ఉన్నారు. ఆ తరువాత 1746 చట్టం సైన్యంలో లేని మగవాళ్ళకు హైలండ్ దుస్తులనే నిషేధించింది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు, రెండోసారి ఏడేళ్ళ ప్రవాస శిక్ష. ఆ చట్టం 1782 దాకా రద్దు కాలేదు. ఇక 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరాకు వచ్చినప్పుడు రచయిత వాల్టర్ స్కాట్ ఏర్పాటు చేసిన సంబరాల్లో ఆ రాజు మరీ కురచ కిల్ట్ కట్టి, దాని కింద గులాబీ రంగు బిగుతు లాగు తొడిగాడు. వేడుకలో కిల్ట్ కట్టిన ప్రముఖుల వరుసలో మొదట నిలబెట్టవలసినవాడే తప్పుగా కట్టాడు. మీ నటుడి బూట్లు ఆ గులాబీ లాగు కంటే ఘోరమా?

కొత్తపేట కుర్రాడు:
రాజు గారికి చలి వేసి ఉంటుంది, పాపం.

ఎడిన్‌బరా పంతులు:
చరిత్ర నాకూ తెలుసు. నేను చదువుకునే రోజుల్లో రెండేళ్ళు ఈ ఊళ్ళోనే కిల్ట్‌లు అద్దెకిచ్చే దుకాణంలో పని చేశాను. నా మాట ఇప్పటి పద్ధతి గురించి. దానికి కారణాలున్నాయి కాబట్టే అది నిలిచింది. ఒక్క పిన్ను సంగతే తీసుకోండి. కిల్ట్‌కు వెనుక కుచ్చిళ్ళు, ముందు కుచ్చిళ్ళు లేని రెండు పొరలు ఉంటాయి. పిన్నును పై పొర అంచుకు మాత్రమే గుచ్చాలి, ఎందుకంటే అది ఉన్నది బరువు కోసం. తెలియనివారు రెండు పొరలకూ కలిపి గుచ్చుతారు. పెళ్ళిలో రెండు పాటలకు గెంతగానే బట్ట లాగి చిరుగుతుంది. ప్రతి సోమవారం ఉదయం తిరిగి వచ్చిన కిల్ట్‌లను బల్ల మీద పరిచి, ఆ చిరుగులను వేలితో తడిమి చూసి, రఫ్ఫుకు పంపేవాటిని వేరు చేయడం నా పని. దాదాపు ఎనిమిది గజాల ఉన్ని బట్టతో చేతి కుట్టు కుట్టిన వస్తువు అది. ఇప్పుడు ఆ నటుడి ఫోటోను పెద్దది చేసి చూడండి. పిన్ను రెండు పొరలకూ గుచ్చి ఉంది.

నేతమగ్గం:
నేను రెండు వందల ఏళ్ళ చరిత్ర చెబితే మీరు పిన్ను దగ్గర ఆగారు. ఫోటోను పెద్దది చేసినా అది ఎన్ని పొరలకు గుచ్చి ఉందో కనిపించదు.

ఎడిన్‌బరా పంతులు:
బట్ట ముడత పడిన తీరును బట్టి తెలుస్తుంది. అలవాటైన కంటికి తెలుస్తుంది.

తెనాలి వాణి:
వెల్‌క్రో పంచెలతో పెళ్ళిపీటల మీద కూర్చునే మన వరుల గురించి కూడా ఇంత పట్టుదలగా ఎవరైనా వాదిస్తే బాగుండును.

నేతమగ్గం:
పిన్నును పక్కన పెట్టి కానరీ దగ్గరికే వద్దాం. ఆయన ఇంటిపేరు ఐర్లండ్ నుంచి వచ్చింది, కట్టినది తల్లి వంశపు గళ్ళు. తండ్రి వంశపు టార్టన్ మాత్రమే కట్టాలని పట్టుబట్టే పెద్దలు మీ ఊళ్ళోనే ఉన్నారు. వారి లెక్కన కానరీ కూడా తప్పే. లండన్‌లో పుట్టి పెరిగిన దర్జీ అలెగ్జాండర్ మక్వీన్ 2006లో న్యూయార్క్‌లో మెట్ గాలా అనే ఫ్యాషన్ వేడుకకు తన వంశపు టార్టన్‌ను ఇష్టం వచ్చినట్టు చుట్టుకుని వెళ్ళాడు, దాన్ని జనం నేటికీ మెచ్చుకుంటారు. 2003లో ఎమ్‌టీవీ వాళ్ళ యూరప్ సంగీత పురస్కారాలు ఎడిన్‌బరాలో జరిగినప్పుడు అమెరికా నటుడు విన్ డీజిల్ కిల్ట్‌తో వచ్చాడు. ఎవరూ అతడిని ఆపలేదు. పేరున్నవాడు ఎలా కట్టినా అది శైలి అవుతుంది.

ఎడిన్‌బరా పంతులు:
మక్వీన్‌ను మీ పక్షాన చేర్చకండి. అతడు లండన్ దర్జీల వద్ద కోటు కోతను నేర్చుకుని, ఏది ఎందుకు ఉందో తెలిసిన తరువాత మార్చాడు. 1998 జూన్ 10న పారిస్ శివారులో బ్రెజిల్‌తో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు తొలి మ్యాచ్‌కు ముందు స్కాట్లండ్ ఆటగాళ్ళందరూ కిల్ట్‌లతో మైదానంలోకి వచ్చారు, చూడండి. ఓడిపోయారు, అది వేరే సంగతి. తెలియక చేసేదానికీ తెలిసి చేసేదానికీ తేడా ఉంది. మీ మాటలు చూస్తే మీరు జీవితంలో ఒక్కసారైనా కిల్ట్ కట్టారా అని అనుమానం కలుగుతోంది. గట్టున కూర్చుని ఈత గురించి చెప్పడం తేలిక.

నేతమగ్గం:
కట్టాను. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఎనిమిదేళ్ళ క్రితం నాతో పని చేసే స్కాట్లండ్ మిత్రుడి పెళ్ళికి అన్నీ అద్దెకు తీసుకున్నాను. వంశం లేనివారు కూడా కట్టవచ్చని దుకాణంవాళ్ళు చెప్పిన బ్లాక్ వాచ్ టార్టన్, ప్రిన్స్ చార్లీ అనే కురచ విందు జాకెట్, వెస్ట్‌కోటు. వెస్ట్‌కోటు ఉంటే బెల్టు పెట్టరాదని తెలుసుకుని బెల్టు మానేశాను. నాలుక లేని బూట్ల పొడవాటి లేసులను చీలమండ పైన ఎలా ముడి వేయాలో ముందు రోజు రాత్రి అద్దం ముందు నాలుగుసార్లు అభ్యాసం చేశాను. తీరా వెళితే, గుమ్మం దగ్గరే ఒక పెద్దాయన నన్ను పైనుంచి కింది దాకా చూసి "మీది ఏ వంశమో?" అని అడిగాడు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. నేనూ నవ్వవలసి వచ్చింది. పది నిమిషాల తరువాత పెళ్ళికొడుకు తమ్ముడు కిల్ట్ కింద పరుగు బూట్లతో వచ్చాడు, అదే పెద్దాయన అతడి భుజం తట్టాడు. కాబట్టి పద్ధతి అనే మాట వినగానే నాకు అది ఎవరి కోసం పెట్టినదో తెలిసిపోతుంది. లోపలివాడు తప్పితే సరదా. బయటివాడు తప్పితే అజ్ఞానం, తప్పకపోతే వేషం.

కొత్తపేట కుర్రాడు:
ఇప్పుడు అసలు విషయం బయటపడింది.

ఎడిన్‌బరా పంతులు:
నేతమగ్గం గారూ, ఈత మాట అనకుండా ఉండవలసింది, మన్నించండి. ఆ గుమ్మం దగ్గర నేను ఉండి ఉంటే ఆ పెద్దాయనకు సమాధానం చెప్పి ఉండేవాడిని. అయినా నా అభిప్రాయం మారదు, దానికి కారణం కూడా నా సొంత అనుభవమే. దుకాణంలో చేరిన మొదటి వారం ఒక తండ్రీకొడుకులు వచ్చి, కొలతలు తీయడానికి వచ్చిన నన్ను చూసి "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగారు. నేను ఏమీ అనకుండా ఆ అబ్బాయిని మోకాళ్ళ మీద నిలబడమన్నాను. అంచు నేలను తాకీ తాకకుండా ఉంటే పొడవు సరిపోయినట్టు. ఆ అబ్బాయికి రెండు అంగుళాలు నేల మీద పరుచుకుంది. అంతకు ముందు ఇంకో దుకాణంలో అదే కొలత సరిపోయిందని వారికి చెప్పారట. ఆ తండ్రి తరువాతి ఏడాది రెండో కొడుకును తీసుకొచ్చి, నా కోసమే అడిగాడు. నాకు వంశం లేదు, పద్ధతి తెలియడం ఒక్కటే ఉంది. పేరున్నవాడు ఎలా కట్టినా చెల్లుతుందంటే, పేరు లేని నా చేతిలో ఉన్న ఆ ఒక్కటీ పనికిరానిదవుతుంది. నటుడి మీద నా కోపం అంతా అదే.

నేతమగ్గం:
మీకు తలుపు తెరిచినది నాకు తలుపు మూసింది. ఇందులో మనకు పొత్తు కుదరదు.

సుభద్ర:
మీ ఇద్దరి మాటలూ మొదటి నుంచి చదివాను. మా అబ్బాయికి జూన్‌లో హైస్కూలు వీడ్కోలు విందు ఉంది, గ్లాస్గోలో. తరగతి అంతా కిల్ట్‌లేనట. వాడికి నల్ల తోలు బూట్లతోనే వెళ్ళాలని ఉంది, వాళ్ళ నాన్న గారికేమో అన్నీ పద్ధతి ప్రకారం ఉండాలని ఉంది. ఏమి చేయమంటారు?

ఎడిన్‌బరా పంతులు:
ముందు మోకాళ్ళ మీద నిలబెట్టి పొడవు చూడండమ్మా. స్పోరన్ తప్పనిసరి, నృత్యం చేసేటప్పుడు దాన్ని పక్కకు జరుపుకోమనండి. బూట్ల గురించి నేను చెప్పవలసినది ఇంతకు ముందే చెప్పాను.

నేతమగ్గం:
బూట్లు వాడి ఇష్టానికి వదిలేయండి. ఏ వంశం అని ఎవరైనా అడిగితే ఏమి చెప్పాలో మాత్రం ఇంట్లోనే ఒకసారి అనుకుని వెళ్ళమనండి, నేను అనుకోలేదు. పిన్ను పై పొరకే గుచ్చాలి. అద్దె కిల్ట్ చిరిగితే ఆ డబ్బు మీరే కట్టాలి.