అప్‌డేట్: పిల్లలతో కొండ నడకకి వెళ్లొచ్చాం

ఆరేళ్ల బాబు, మూడేళ్ల పాపతో ఒక్క పూటలో వెళ్లిరాగలిగే కొండదారి ఎలా ఎంచుకోవాలని అడిగాను కదా, మొత్తానికి వెళ్లొచ్చాం. అందరూ క్షేమం, నా నడుము తప్ప.

రానూపోనూ మూడు కిలోమీటర్లే. పెద్దవాళ్లయితే గంటలోపు ముగించేస్తారు. మాకు రెండున్నర గంటలు! అందులో ఓ అరగంట చీమల బారు దగ్గరే గడిచింది. మొదట్లో "పదండి, పదండి" అని తరిమాను. వాళ్లకి శిఖరంతో పనిలేదని, రాళ్లూ పుల్లలూ చాలని తర్వాత అర్థమైంది.

అలిసిపోకముందే వెనక్కి తిరగమన్న సలహా బంగారం. పైదాకా వెళ్లలేదు. అయినా చివరి అరకిలోమీటరు పాప నా భుజాల మీదే. వెళ్లిన దారినే తిరిగొచ్చేది ఎంచుకోవడం మేలైంది, ఎక్కడ కావాలంటే అక్కణ్ణించి మళ్లొచ్చు. చుట్టుదారిలో సగం దాటాక ఆ వీలుండదు.

పాపని కూర్చోబెట్టే తోపుడు బండి (స్ట్రోలర్) వద్దన్నవాళ్లకి దండం, దారంతా వేర్లే. దిగేటప్పుడు బాబు గులకరాళ్ల మీద రెండుసార్లు జారాడు. బూట్ల అడుగు అరిగిపోయిందని చూసుకోలేదు, తప్పు నాదే. అదనంగా పెట్టుకున్న సాక్సులు మాత్రం అక్కరకొచ్చాయి, ఇద్దరూ వాగులో దిగారు మరి.

వచ్చే ఆదివారం మళ్లీ అక్కడికేనట. చీమల్ని చూడాలట.