‘ఫినిష్’ని తెలుగులో ఏమనాలి? డ్యూకోనా, పాలిషా?

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నదే గానీ వెనక కాస్త కథ ఉంది.

నేను బేస్ గిటార్ వాయిస్తాను. నాలుగు తీగలది, మామూలు గిటార్ కంటే ఒక స్థాయి కిందికి పలికేది. పాతది పక్కన పెట్టి కొత్తది కొందామని కొట్టుకి వెళ్తే మోడల్ పది నిమిషాల్లో తేలిపోయింది. రంగు మాత్రం మూడు వారాలైనా తేలలేదు. కొట్టతను కాగితం మీద మూడు ఫినిష్‌లు, అంటే చెక్కకి పైన వచ్చే రంగూ మెరుపూ, రాసిచ్చాడు: త్రీ టోన్ సన్‌బర్స్ట్ గ్లాస్, లేక్ ప్లాసిడ్ బ్లూ గ్లాస్, బ్లాక్ మ్యాట్. ఆ కాగితం పట్టుకుని ఊళ్లో మా పెదనాన్నకి ఫోన్ చేశాను. బొబ్బిలి పక్క పల్లెలో నలభై ఏళ్లు తలుపులూ కిటికీలూ చేసిన మనిషి ఆయన.

“ఏం రంగురా?”

“సన్‌బర్స్ట్ అంటారు పెదనాన్నా. మధ్యలో పసుపు, పక్కకొచ్చేసరికి ఎరుపు, అంచుకి నలుపు.”

“బాగానే ఉంది. డ్యూకోనా, పాలిషా?”

నాకు జవాబు తోచలేదు. గ్లాస్ అన్నాను, మెరిసే రకమని నా ఉద్దేశం. “గ్లాసేంట్రా, చెక్క అన్నావుగా?” అన్నాడు. ఇక మాట మార్చేశాను.

అందుకే అడుగుతున్నాను. ఫినిష్ అనే ఈ మాటకి తెలుగులో పనికొచ్చే పదం ఉందా? ‘ముగింపు’ అని మాత్రం చెప్పకండి. ఒక అనువాద యాప్ ఇప్పటికే “నిగనిగలాడే ముగింపు” అని చెప్పి, నా గిటార్‌ని సినిమా క్లైమాక్స్ చేసింది.

*

రాజమండ్రి మాస్టారు:

బాబూ, పదం ఎక్కడికో వెళ్లి వెతకక్కర్లేదు. తుదిమెరుగు. “తుది మెరుగులు దిద్దుతున్నారు” అని పేపర్లో రోజూ చూస్తూనే ఉంటాం. పని చివర్న చేసేదీ అదే, వస్తువుకి వన్నె తెచ్చేదీ అదే.

*

చీరల కొట్టు అక్క:

మాస్టారూ, మాట బాగుంది గానీ ఈ అబ్బాయి కాగితంలో మూడోది చూడండి. బ్లాక్ మ్యాట్. అంటే మెరవనిది. దాన్ని “మెరుపు లేని తుదిమెరుగు” అనాలా?

*

రాజమండ్రి మాస్టారు:

అమ్మా, అక్కడ చిక్కుపడ్డాను, ఒప్పుకుంటున్నాను. మెరుగు అంటే అసలు అర్థం మెరుపే, కాంతే. బంగారానికి మెరుగు పెట్టడంలో అదే ఉంది. మెరిసేది మేలైనది అన్న లెక్కలోంచే మెరుగైన, మెరుగుపరచు, పరిస్థితి మెరుగుపడింది లాంటివన్నీ వచ్చాయి. మన భాషలో మెరుపూ మంచీ ఒకే గూట్లో ఉన్నాయి. మెరవని దానికి ఉన్న మాటలు చూడండి: మసక, వెలవెల, కళ తప్పింది, మాసింది. ఒక్కటీ మెచ్చుకోలు కాదు. డబ్బిచ్చి మరీ మెరుపు లేకుండా చేయించుకునే రోజు వస్తుందని మన పూర్వులు అనుకోలేదు.

*

కరీంనగర్ తమ్ముడు:

మాస్టారూ, ఒక్క ముచ్చట. రామప్ప గుడి పోయిండ్రా? 1213ల కట్టిన గుడి. ఆ నల్లరాతి బొమ్మలు, కంబాలు ఇప్పటికీ నున్నగ మెరుస్తయి. గదే రాయి చెక్కకముందు చూస్తే మసి లెక్కనే ఉంటది. మా అవ్వ అయితే దేవునికి నూనె రాసినంక ఎట్లుంటడు, రాయకముందు ఎట్లుంటడు అని చెప్తది. మ్యాట్ బ్లాక్ అంటే నూనె రాయని దేవుడు, గ్లాస్ బ్లాక్ అంటే రాసిన దేవుడు. ఇద్దరు గూడ దేవుళ్లే, తప్పు పట్టొద్దు.

*

చీరల కొట్టు అక్క:

తమ్ముడూ, బాగా చెప్పావు.

నేను అమ్మేది బట్టలే గానీ రోజంతా రంగుల పేర్లతోనే బతుకుతాను. మెరుపు అని ఒక్క ముద్ద చేస్తే ఎలా మాస్టారూ? మనకి జంట మాటలు ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో చోటు. నిగనిగ ముదురు రంగుకే వస్తుంది: నల్ల జుట్టు, వంకాయ, నేరేడుపండు. తెల్లచీర నిగనిగలాడుతోంది అని ఎవరూ అనరు. తళతళ తోమిన ఇత్తడి బిందెది. మిలమిల చిన్న చిన్న మెరుపులది, చుక్కలు, చేప పొలుసులు. ధగధగ బంగారానిది, కళ్లు చెదరాలి. కాబట్టి నల్ల గ్లాస్ అయితే నిగనిగ. నీలంలో వెండి రజను కలిపారంటే మిలమిల. కింద బిగించే ఇనప సామాను తళతళ. ఇన్ని ఉన్నాక గ్లాస్ అని నీళ్లు తాగే దాని పేరు ఎందుకు పెట్టుకోవడం?

శాటిన్ అని ఇంకో రకం ఉంటుందేమో అడుగు బాబూ. అది మా సరుకు పేరే. శాటిన్ గుడ్డ మీద వెలుగు ఎలా జారుతుందో చూస్తే అర్థమైపోతుంది.

*

మొదటి టపా రాసినవాడిని:

అక్కా, శాటిన్ ఉంది. కాకపోతే ఎక్కువగా మెడకి వేస్తారు, అంటే ఎడమ చెయ్యి పైకీ కిందికీ జరిగే కర్రకి. మెడ గ్లాస్ అయితే చెమటకి బొటనవేలి వెనక జిగటగా పట్టేస్తుంది. ఉక్కపోత రోజుల్లో గంటసేపు వాయించి చూశాను, బస్సులో రెక్సిన్ సీటుకి అతుక్కుపోయినట్టే. ఇంకో తమాషా ఏమిటంటే మ్యాట్ ఎప్పటికీ మ్యాట్‌గా ఉండదు. కుడి ముంజేయి ఆనే చోట రాపిడికి ఏడాది రెండేళ్లలో నున్నగా తేలి మెరుస్తుంది. మా అమ్మమ్మ రోకలి అంతా గరుకే, పట్టుకునే నడుము మాత్రం అద్దం. అలాగన్నమాట. ఆ అరుగుదలని ముందే చేసి, కొత్త వాద్యాన్ని పాతదానిలా అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. గిటార్లు చేసే ఫెండర్ కంపెనీ 1995 నుంచి అలాంటివి అమ్ముతోంది. మా అమ్మమ్మకి ఈ సంగతి తెలిస్తే రోకలి కూడా అమ్మకానికి పెట్టేది.

*

కాకినాడ భాషాభిమాని:

సన్‌బర్స్ట్ = సూర్యవిస్ఫోటం. లేక్ ప్లాసిడ్ బ్లూ = ప్రశాంత సరోవర నీలం. ఎందుకీ తడబాటు? సంస్కృతం ఉండగా.

*

డాలస్ బావగారు:

విస్ఫోటం అంటే బాంబు పేలినట్టుందండీ, మీ ఇష్టం. రెండోది మాత్రం ఒప్పుకోలేను. లేక్ ప్లాసిడ్ అనేది న్యూయార్క్ రాష్ట్రంలో ఒక ఊరు. 1932లోనూ 1980లోనూ శీతాకాల ఒలింపిక్స్ జరిగింది అక్కడే. దాన్ని ప్రశాంత సరోవరం అనడం మంగళగిరి చీరని శుభపర్వత చీర అనడం లాంటిది.

ఇంకో సంగతి. లేక్ ప్లాసిడ్ బ్లూ లాంటివి గిటార్ రంగులుగా పుట్టలేదు, కార్ల రంగులు. లియో ఫెండర్ కంపెనీ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు దాని మామూలు రంగు బ్లాండ్. పల్చని పాలమీగడ పూత, కింద యాష్ చెక్క చారలు కనిపిస్తూనే ఉంటాయి. 1954 నుంచి రెండు రంగుల సన్‌బర్స్ట్ వచ్చింది, ఎరుపు కలిసి మూడు రంగులైంది 1958లో. 1960 ప్రాంతంలో ప్రత్యేకం కావాలన్నవాళ్లకి ఒక రంగుల పట్టీ పెట్టి 5 శాతం ఎక్కువ తీసుకునేవారు. ఆ పట్టీలో రంగులు చాలావరకు డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం తయారుచేసినవే. ఫియెస్టా రెడ్ ఫోర్డ్ థండర్‌బర్డ్ మీద ఉండేది, సర్ఫ్ గ్రీన్ షెవ్రొలే మీద. ఆ డబ్బాల మీద రెండు పేర్లు ఉండేవి, లూసైట్, డ్యూకో.

అవును, డ్యూకో. ఈ గ్రూపులో ఎవరి పెదనాన్నో అడిగిన డ్యూకోనే.

*

మొదటి టపా రాసినవాడిని:

బావగారూ, ఒళ్లు జలదరించింది! మా పెదనాన్న నోట్లో డ్యూకో అంటే తలుపులకి గన్నుతో కొట్టే రంగు. అది మన మేస్త్రీల మాటే అనుకున్నాను ఇన్నాళ్లూ.

*

డాలస్ బావగారు:

కంపెనీ పేరు కాస్తా పనివాళ్ల మాటైపోయింది. 1920ల్లో వచ్చిన నైట్రోసెల్యులోజ్ పూత అది. అంతకుముందు కారుకి రంగేస్తే ఆరడానికి వారాలు పట్టేది, దీంతో ఆ పని రోజుల్లోకి దిగింది. ద్రావకం ఎగిరిపోతే పొర మిగులుతుంది, అంతే. అందుకే పాత నైట్రో గిటార్‌ని రబ్బరు తొడుగున్న స్టాండు మీద పెడితే పూత కరిగి మచ్చ పడుతుంది. ఇప్పుడొచ్చేవి ఎక్కువగా పాలియురెథేన్, పాలియెస్టర్. మన వడ్రంగులు పీయూ అంటారే, అదే.

*

వడ్రంగం ఇంటి ఆడపడుచు:

అందరూ రంగుల చుట్టూ తిరుగుతున్నారు, ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. మా నాన్నగారిదీ అదే పని, అందుకే చెబుతున్నాను.

డ్యూకోనా పాలిషా అంటే మెరుపు గురించి కాదు. చెక్క కనపడాలా, దాగాలా అని. డ్యూకో అయితే చెక్క మీద లప్పం పెట్టి, ఉప్పు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, ఆపైన రంగు. అడుగున టేకు ఉందో, వేప ఉందో, నాలుగు ముక్కలు అతికారో బయటికి తెలీదు. పాలిష్ అయితే చార కనపడాలి కాబట్టి లప్పం దాచుకోలేం. చిత్రిక పట్టడంలోనే పనితనం అంతా బయటపడుతుంది. ఎవరైనా తలుపు చేయించుకోడానికి వస్తే మా నాన్న మొదట అడిగేది ఇదే, దీన్ని బట్టే చెక్క కొనేవారు. పాలిష్ తలుపుకి ఒక చెక్క, డ్యూకో తలుపుకి ఒక చెక్క.

ఇంగ్లీషులో ఈ రెండింటికీ ఫినిష్ అనే ఒక్క మాట సరిపెట్టుకున్నారు. మనవాళ్లు విడగొట్టుకున్నారు, రెండూ అరువు మాటలతోనే అయినా. నా మాట అడిగితే ఫినిష్‌కి తెలుగు లేదని దిగులు అక్కర్లేదు. పైకి వేసేది పూత. దాని వెలుగు ఎలాంటిదో చెప్పడానికి చీరల అక్క చెప్పిన జంట మాటలు. చెక్కని దాస్తుందా చూపిస్తుందా అన్నదానికి డ్యూకో, పాలిష్. మూడు ప్రశ్నలకి ఒక్క పదం ఎందుకు?

*

కాకినాడ భాషాభిమాని:

పూత అంటే మామిడి పూత కూడా కదమ్మా.

*

వడ్రంగం ఇంటి ఆడపడుచు:

ఉండనివ్వండి. పసిడి పూత, వెండి పూత అన్నప్పుడు ఎవరూ మామిడిచెట్టు కేసి చూడలేదు.

*

రాజమండ్రి మాస్టారు:

తుదిమెరుగు వెనక్కి తీసుకుంటున్నాను, పూతకే నా ఓటు. ఒక చిన్న మాట చేరుస్తాను. డ్యూకోని మనం అరువు తెచ్చుకున్నాం సరే, మనవైపు నుంచి వెళ్లింది కూడా ఉంది. వాళ్ల లాకర్ అనే మాట మన లక్క వెళ్లిందే, మూలం సంస్కృతం లాక్ష. పాండవుల లక్క ఇంటి లక్క, పిల్లల లక్కపిడతల లక్క. ఏటికొప్పాకలో తిరిగే అంకుడు కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. కుంచె ఉండదు, గన్ను ఉండదు.

*

కరీంనగర్ తమ్ముడు:

లాడ్ బజార్ల గాజులు గూడ లక్కవే మాస్టారూ, మర్వకుండ్రి.

*

చీరల కొట్టు అక్క:

ఇంతకీ రంగు ఏది బాబూ? నన్నడిగితే ఆ నీలం నెమలికంఠం అయితే తీసుకో. ఫియెస్టా రెడ్ అన్నారే, ఫోటో చూశాను, అది ఎరుపు కాదు, కనకాంబరం. సర్ఫ్ గ్రీన్ లేత తమలపాకు. సన్‌బర్స్ట్‌కి మాత్రం మా దగ్గర పేరు లేదు. కెంజాయ అందామంటే అందులో నలుపు రాదు.

*

డాలస్ బావగారు:

అక్కా, 1958 నుంచి రెండేళ్లపాటు వచ్చిన మూడు రంగుల వాటిలో చాలావాటికి ఎండ తగిలి ఎరుపు వెలిసిపోయింది. ఇప్పుడు చూస్తే రెండు రంగులే కనిపిస్తాయి. కెంజాయ పేరు పెడితే కెంపు పోయి చాయ మిగులుతుంది.

*

రాజమండ్రి మాస్టారు:

వెలిసిన రంగు పోయిన రంగు, వెలసిన దేవుడు వచ్చిన దేవుడు. తెలుగు నేర్చుకునేవాళ్లు జాగ్రత్త.

*

మొదటి టపా రాసినవాడిని:

అందరికీ దండాలు. నిన్న మళ్లీ కొట్టుకి వెళ్లాను. ఈసారి సన్‌బర్స్ట్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఫోన్ లైటు పక్కవాటుగా వేసి చూశాను. నడుమ పసుపులోంచి చెక్క చారలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఎరుపులోకి వచ్చేసరికి మసకబారి, అంచు నలుపులో పూర్తిగా మాయం. అక్కడే పెదనాన్నకి ఫోన్ కొట్టాను.

“పెదనాన్నా, రెండూనూ. మధ్యలో పాలిష్, అంచుకి డ్యూకో.”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “తెలివైన పనే. అతుకులు ఎన్ని?” అన్నాడు.

మళ్లీ లైటు వేసి వెతికాను. తీగల కింద నిలువుగా ఒక సన్నని గీత, దానికి నాలుగు వేళ్ల అవతల ఇంకోటి. రెండు అతుకులు, మూడు ముక్కలు. చారలు మాత్రం ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి దాదాపు కలిసిపోయాయి.

“చార కలిపాడా? అయితే పనోడే. తీసుకో,” అన్నాడు. అడ్వాన్సు ఇచ్చేశాను, శనివారం ఇంటికొస్తుంది. రాత్రి ఫోటో చూసి మా అమ్మ మాత్రం “అంచు మాడిన అట్టులా ఉందిరా” అంది. అక్కా, సన్‌బర్స్ట్‌కి మీ కొట్లో పేరు లేదన్నారు కదా, ఇది పనికొస్తుందేమో చూడండి.