డబ్బు పెట్టి ఆడే యాప్‌లు నిషేధించారు సరే, ఆడి మునిగినవాడి ఖాతాకు తాళం ఎవరు వేయాలి?

కూకట్‌పల్లి అక్క:
డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. నడిపేవాళ్లకు 3 ఏళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడేవాళ్లకు శిక్ష లేదు, అది మంచిదే. కానీ నా బాధ వేరే. మా తమ్ముడు రమ్మీ యాప్‌లో 11 లక్షలు పోగొట్టాడు. రాత్రి ఒంటిగంటకు బాత్‌రూంలో గడియ పెట్టుకుని ఆడేవాడు. మాకు తెలిసేసరికి అమ్మ గాజులు కుదువకు వెళ్లాయి, లోన్ యాప్‌లవాళ్లు వాడి ఆఫీసుకే ఫోన్లు చేస్తున్నారు. వాడి జీతం పడే బ్యాంకుకు వెళ్లి, కొన్నాళ్లు రోజుకు వెయ్యికి మించి పోకుండా ఆపండి సార్ అని బతిమాలాను. ఖాతా ఆయనది, ఆయనే రావాలి అన్నారు. ఇంట్లోవాళ్లు అడిగితే ఆపే వీలు చట్టంలో పెట్టాలి. మీరేమంటారు?

మల్కాజిగిరి కుర్రాడు:
అక్కా, మీ బాధ అర్థమైంది, కానీ నేను నిషేధమే తప్పంటాను. మన తెలంగాణలో 2017లోనే ఆన్‌లైన్ రమ్మీ ఆపారు కదా, మా హాస్టల్లోవాళ్లు ఫోన్‌లో లొకేషన్ బెంగళూరు అని మార్చుకుని మరీ ఆడారు. ఇప్పుడు టెలిగ్రామ్‌లో లింకు వస్తుంది, డబ్బు ఎవరిదో తెలియని ఖాతాకు వేయమంటారు, పోతే అడగడానికి మనిషే ఉండడు. లైసెన్సు ఇచ్చి కట్టడి చేయాలి. బ్రిటన్‌లో 2020 నుంచి క్రెడిట్ కార్డుతో జూదం ఆడనివ్వరు, నన్ను ఆడనివ్వకండి అని ఒక్కచోట పేరు రాయించుకుంటే లైసెన్సున్న సైట్లన్నీ ఆపేస్తాయి. పైగా రమ్మీ నైపుణ్యంతో ఆడేదని 1967లో సుప్రీంకోర్టే చెప్పింది, అదీ మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో.

నాంపల్లి వకీలు:
తీర్పు సగమే చదివావు తమ్ముడూ. ఆట మీద క్లబ్బు లాభం తీసుకుంటే నేరం కావచ్చని కూడా అందులోనే ఉంది. మరి ఈ యాప్‌లు చేసిందేమిటి? గెలిచినా ఓడినా ప్రతి ఆటలో తమ కమిషన్ తాము పట్టుకున్నాయి. అందుకే నేను నిషేధం వైపే.

కానీ అక్కా, మీ కోరికకు మాత్రం నేను వ్యతిరేకం. ఇంట్లోవాళ్లకు ఆ అధికారం ఇస్తే రేపు ఆస్తి తగాదా వచ్చిన అన్న, చెల్లెలి ఖాతా ఆపించేస్తాడు. అలాంటి అన్నల్ని రోజూ చూస్తున్నాను. ఇంకో దారి ఉంది. నాకు జబ్బు ముదిరితే ఎలాంటి వైద్యం చేయాలి, నా తరఫున ఎవరు మాట్లాడాలి అని మనిషి ముందే రాసిపెట్టుకునే వీలు 2017 మానసిక ఆరోగ్య చట్టంలో ఉంది. డబ్బు విషయంలోనూ అలాంటిదే కావాలి. మనసు కుదురుగా ఉన్న రోజున మీ తమ్ముడే బ్యాంకులో రాసివ్వాలి, అక్క సంతకం లేనిదే నా లిమిట్ పెంచొద్దు అని. ఆ మాట వెనక్కి తీసుకోవాలంటే కనీసం నెల గడువుండాలి, అర్ధరాత్రి రెండు నిమిషాల్లో మారిపోకూడదు.

ఎల్బీనగర్ గృహిణి:
మీ తమ్ముడు ఒప్పుకుంటాడేమో అక్కా, మా ఆయన ఒప్పుకోరు. నాకేం జబ్బు అంటారు. పిల్లల ఫీజు కట్టాలి అని తీసుకున్న డబ్బు కూడా అందులోనే పోయింది. మాలాంటివాళ్లకు ఏ కాగితం పనికొస్తుంది?

నాంపల్లి వకీలు:
అమ్మా, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఖాతా ఆపించాలంటే కనీసం డాక్టరు మాట, జడ్జి సంతకం రెండూ ఉండాలంటాను, అది కూడా వారంలో తేలేలా. ఈలోగా 14416కు ఫోన్ చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, ఇంట్లోవాళ్లు కూడా మాట్లాడొచ్చు.

కూకట్‌పల్లి అక్క:
వకీలు గారూ, మీరు రాసింది రాత్రి తమ్ముడికి చదివి వినిపించాను. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఓపీకి మూడుసార్లు వెళ్లొచ్చాక ఇప్పుడు కాస్త మాట్లాడుతున్నాడు. నువ్వడిగిన దానికి అప్పుడైతే నిన్ను కొట్టేవాణ్ని, ఇప్పుడు సంతకం పెడతాను, కాగితం ఏదీ అన్నాడు. నా మొదటి మాట మార్చుకుంటున్నాను, కానీ ఎల్బీనగర్ చెల్లెలి విషయంలో కాదు. ఆమె ఇంటికి సంతకం కోసం ఎదురుచూసే టైం లేదు.