తువా ఊళ్లు చూడ్డానికి వెళ్లడం సబబేనా?

సముద్రిక, వైజాగ్:
అందరికీ నమస్కారం. సెప్టెంబరు చివర్లో నేనూ మా ఆయనా చైనాలోని షిన్‌జాంగ్ వెళ్దామనుకుంటున్నాం. ఉత్తరాన ఆల్టాయ్ కొండల్లో కనాస్ సరస్సు, ఆ చుట్టుపక్కల హేము, కనాస్, బైహాబా అనే మూడు ఊళ్లు, తువా అనే చిన్న జాతి వాళ్లవి. దుంగలతో కట్టిన ఇళ్లు, పసుపు రంగుకు తిరిగిన బిర్చ్ చెట్లు, తెల్లవారుజామున పొగమంచు... ఆ ఫోటోలు రెండేళ్లుగా ఫోన్‌లో దాచుకుని చూసుకుంటున్నాను. మొన్న మా ఆడపడుచుతో చెబితే, "మనుషుల్ని చూడ్డానికి టికెట్ కొనుక్కుని వెళ్తారా వదినా?" అంది. అప్పట్నుంచి మనసు మనసులో లేదు. అక్కడ ఊరికే కాదు, తువా ఇంటి లోపలికీ డబ్బు కట్టి వెళ్తారట, పాల టీ ఇస్తారట, పాట పాడతారట. వెళ్లినవాళ్లుంటే చెప్పండి. తప్పు అనుకునేవాళ్లు కూడా మొహమాటం లేకుండా చెప్పండి.

పాత బాటసారి:
మీ ఆడపడుచు మాటలో నిజం ఉందమ్మా. నేనైతే వెళ్లను. ఎందుకో చెప్తా. మంగోలియా ఉత్తర కొసన దుఖా అనే వాళ్లున్నారు, తువా భాషకు దగ్గరి భాషే మాట్లాడతారు, రెయిన్‌డీర్లే వాళ్ల బతుకు. మంగోలియన్లు వాళ్లను త్సాతాన్ అంటారు, అంటే రెయిన్‌డీర్లున్నవాళ్లని. వాళ్లుండేది ఎత్తున, చల్లటి టైగా అడవిలో. టూరిస్టులు అంత దూరం ఎక్కలేరు కాబట్టి కొన్ని కుటుంబాలు ఎండాకాలంలో జంతువుల్ని కింద హోవ్స్‌గోల్ సరస్సు దగ్గరికి దించుకొచ్చి గుడారం వేసుకుంటాయి. జనం జీపు దిగుతారు, కొమ్ముల పక్కన నిలబడి ఫోటో దిగుతారు, ఎక్కి వెళ్లిపోతారు. ఆ జంతువుకు చలి కావాలి, అడవిలో దొరికే లైకెన్, అంటే నాచులాంటి మేత కావాలి. కింద ఆ వేడిలో నీరసించిపోతాయి, జబ్బు పడతాయి. వాటిని అక్కడికి దింపింది ఆ కుటుంబం కాదు, మన కెమెరా. 2012లో అండమాన్‌లో జరావా ఆడవాళ్లతో తిండి ఆశ చూపి డాన్స్ చేయించిన వీడియో బయటికొచ్చినప్పుడు దేశమంతా ఛీ అన్నాం కదా, ఇక్కడ మాత్రం టికెట్ ఉంది కాబట్టి మర్యాదగా కనిపిస్తోంది, అంతే తేడా.

ఉరుంచి డాక్టర్:
సర్, జరావా వాళ్లతో పోల్చడం సరికాదు. వాళ్లు బయటి ప్రపంచంతో పెద్దగా కలవకుండా అడవిలో బతికేవాళ్లు. హేములో తువా కుర్రాడి చేతిలో నా ఫోన్ కంటే మంచి ఫోన్ ఉంది.

నేను షిన్‌జాంగ్ రాజధాని ఉరుంచిలో ఎంబీబీఎస్ చదివాను. మూడో ఏడాది అక్టోబరు సెలవుల్లో ముగ్గురం తెలుగువాళ్లం హేము వెళ్లాం. ఆ ఇళ్లు దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది, దుంగకూ దుంగకూ మధ్య సందులో ఎండిన నాచు కూరి ఉంటుంది. వేలు పెట్టి నొక్కితే మెత్తగా స్పాంజ్‌లా దిగింది. సిమెంటు లేదు. చలిగాలి రాకుండా కాపాడేది ఆ నాచే. పైకప్పు బాగా వాలుగా, మొనదేలి ఉంటుంది, మంచు నిలవకుండా. తెల్లారకముందే కొండ మీది చెక్క మెట్లెక్కితే అక్కడ వందల మంది, స్టాండ్ల మీద కెమెరాలు, ఒకరి భుజం ఒకరికి తగులుతోంది. కింద ఊళ్లో పొయ్యిల పొగ ఒక్కొక్కటీ లేస్తుంటే అందరూ ఒక్కసారి నిశ్శబ్దమైపోయారు.

డబ్బు కట్టి ఒక ఇంటికి కూడా వెళ్లాం. ఉప్పు వేసిన పాల టీ, నూనెలో వేయించిన పిండి ముక్కలు, పాలతో తీసిన సారా చిన్న గిన్నెలో. తర్వాత ఒక పెద్దాయన సుగుర్ వాయించాడు. అది బోలుగా ఉండే గడ్డి కాడతో చేసిన పిల్లనగ్రోవి, మూడే రంధ్రాలు, పెదవుల మధ్య కాకుండా నోటి పక్కకు పళ్లకు ఆనించి పట్టుకుంటారు, అదే ఊపిరితో గొంతులోంచి ఒక అడుగు శ్రుతి కూడా వస్తుంది. ఒక మనిషి దగ్గర్నుంచి రెండు స్వరాలు. నా ఒళ్లు జలదరించింది. ఆ రోజు ఆయన అదే పాట ఎన్నోసారి వాయిస్తున్నాడో నాకు తెలియదు, కానీ పక్కనే ఆయన మనవడి వయసు పిల్లాడు అదే వాయిద్యం పట్టుకుని కూర్చున్నాడు. చైనాలో తువా వాళ్లు రెండు మూడు వేలకు మించరు, వాళ్లను ప్రత్యేక జాతిగా గుర్తించలేదు, లెక్కల్లో మంగోలు కిందే రాస్తారు. ఇంట్లో తువా, పొరుగింటి కజక్‌తో కజక్, బడిలో ఇంకో భాష. అలాంటి చోట ఆ సుగుర్ నేర్చుకోవడానికి పిల్లాడికి ఒక కారణం దొరికింది. అది డబ్బే అయితే అయింది.

పాత బాటసారి:
డాక్టర్ గారూ, ఆ రాత్రి మీరు పడుకున్న గదికి కట్టిన డబ్బు ఎవరికి వెళ్లింది?

ఉరుంచి డాక్టర్:
నిజం చెప్పాలి కదా. గెస్ట్‌హౌస్ నడిపేవాళ్లు ఎక్కడో బయటి రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు. ఇల్లు తువా కుటుంబానిది, ఏడాదికింత అని లీజుకు ఇచ్చేసి వాళ్లు వెనక చిన్న ఇంట్లో ఉంటున్నారు. అది నాకూ బాధనిపించింది. మీ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు.

అరకు పిల్ల:
ఇంతసేపూ చూసేవాళ్ల వైపు నుంచే మాట్లాడుకుంటున్నారు. నేను రెండో వైపు పుట్టినదాన్ని, అందుకని రాస్తున్నా.

మా అమ్మ ధింసా ఆడేది. ఊళ్లో అయితే చైత్రంలో ఇటుకల పండగకు ఆడతారు, ఆడవాళ్లంతా ఒకరి నడుం వెనక నుంచి ఒకరు చేతులు పట్టుకుని గొలుసులా, తుడుము, మోరి మోగుతుంటే అలా రాత్రంతా సాగుతుంది. తర్వాత ఒక రిసార్టువాళ్లు పిలవడం మొదలుపెట్టారు. సాయంత్రం ఏడింటికి రమ్మనేవారు, గెస్టుల భోజనాలు ఆలస్యమైతే మా అమ్మావాళ్లు తొమ్మిదిన్నర దాకా చలిలో బయట నిలబడేవాళ్లు, ఆకలితో. ఇరవై నిమిషాల ఆట. జనంలోంచి ఎవరో వచ్చి గొలుసు మధ్యలో దూరి సెల్ఫీ తీసుకునేవారు. ఇచ్చే డబ్బు పదిహేను మందికి పంచితే ఆటో ఖర్చు పోను ఏం మిగిలేది కాదు.

అయినా ఆ డబ్బుతోనే నా హాస్టల్ పెట్టె కొన్నారు. ఎవరూ రాకుండా ఉండాల్సింది అని మా అమ్మ ఎప్పుడూ అనలేదు. ఆమె అన్నది ఒకటే, "మన గుమ్మంలోకి వచ్చి చూస్తే బాగుండేది, మనల్ని వాళ్ల గుమ్మం ముందు నిలబెట్టారు" అని. బాటసారి గారు చెప్పిన రెయిన్‌డీర్ల సంగతి చదివితే నాకు అదే గుర్తొచ్చింది. ఎవరు ఎవరి దగ్గరికి వెళ్తున్నారు, టైము ఎవరు చెప్తున్నారు, ముందు ఎవరు తింటున్నారు. మీరు వెళ్లకుండా ఇంట్లో కూర్చుంటే మీ మనసు శుభ్రంగా ఉంటుంది, అంతకుమించి వాళ్లకు ఒరిగేదేమీ లేదు. కోపం తెచ్చుకోకండి సర్.

పాత బాటసారి:
కోపం లేదు తల్లీ. మీ అమ్మగారి మాట రెండుసార్లు చదివాను.

గుర్రాల దారి:
నేను దుఖా వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చాను, సరస్సు దగ్గరికి కాదు, పైకి. ముఱున్ అనే పట్నం నుంచి త్సగాన్‌నూర్‌కు జీపులో రోజంతా, అక్కడి నుంచి గుర్రం మీద ఇంకో రోజు, బురద, దోమలు. రష్యా సరిహద్దు కాబట్టి ముందే పర్మిట్ తీసుకోవాలి. బియ్యం, పిండి, మనం తినేదంతా మనమే మోసుకెళ్లాలి, వాళ్ల దగ్గర మిగులు ఏమీ ఉండదు. మా గుర్రాలు, దారి చూపినాయన, పడుకున్న గుడారం అన్నీ వాళ్లవే, డబ్బు నేరుగా వాళ్ల చేతికే ఇచ్చాం. పొద్దున రెయిన్‌డీర్ పాలు పిండుతున్న ఆవిడ నన్ను ఫోటో తీయనివ్వలేదు, బకెట్ పట్టుకోమంది. గంటసేపు పట్టుకున్నా. ఒకటి గుర్తుంచుకోండి, 2011లో ఆ అడవిని జాతీయ పార్కు చేశారు, వేట ఆపేశారు. అప్పట్నుంచి వచ్చేపోయేవాళ్ల డబ్బు వాళ్లకు సరదా ఆదాయం కాదు, పొయ్యి వెలగడానికే అవసరం.

ఇంకో మాట. "సంప్రదాయ గ్రామం" అనే మాటే నాకు నచ్చదు. రష్యాలోని తువా ప్రాంతంలో అసలు పాత జీవితం ఊరు కాదు, ఆల్. అంటే నాలుగైదు యుర్తులు (గుండ్రటి గుడారాలు), ఒకే చుట్టరికం, మేతను బట్టి ఏడాదికి ఎన్నోసార్లు కదిలే మకాం. 1944లో సోవియట్‌లో కలిశాక సామూహిక క్షేత్రాలు పెట్టి చాలామందిని ఊళ్లలో కూర్చోబెట్టారు. మనం పాతది అనుకుని వెతికే ఊరు, వాళ్ల నానమ్మలకు కొత్తది.

సముద్రిక, వైజాగ్:
అందరికీ చాలా థాంక్స్. రాత్రి మా ఆయనకు మొత్తం చదివి వినిపించాను. టైగాకు నా మోకాళ్లు సహకరించవు, కాబట్టి హేమునే. కానీ ఒక్క రాత్రి కాదు, మూడు రాత్రులు. బైహాబా తీసేశాం, కజకిస్తాన్ సరిహద్దు పర్మిట్ తలనొప్పి, పైగా పరుగులు. డాక్టర్ గారూ, తువా కుటుంబమే సొంతంగా నడిపే ఇల్లు ఎలా కనిపెట్టాలి?

ఉరుంచి డాక్టర్:
ఆన్‌లైన్‌లో బుక్ చేయకండి మేడమ్, తెలియదు. అక్టోబరు 1 నుంచి 7 దాకా చైనా మొత్తానికీ సెలవులు, ఆ వారం అస్సలు వద్దు. దానికి ముందు వెళ్లండి. మొదటి రాత్రి ఎక్కడో ఒకచోట దిగి, పగలు ఊళ్లో నడవండి. వాకిట్లో ఆవులు కట్టేసి, కట్టెలు పేర్చి ఉన్న ఇల్లు చూసి అడగండి. గది అంత బాగుండదు, బాత్రూం బయట ఉంటుంది.

అరకు పిల్ల:
అక్కా, వాళ్ల పేర్లు అడగండి. మీ పేరు కూడా చెప్పండి. మా అమ్మను అన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు.